రసీదు పుస్తకం, మూడు పౌండ్ల చందా: ప్రజాసంస్థల నీతి నియమాల చరిత్రలో ఒక ఘట్టం

మొన్న మా శాఖ వార్షిక సభల సందర్భంగా ఒక తగాదా వచ్చింది. ప్రత్యేక సంచికకు ఒక కాంట్రాక్టరుగారు పూర్తి పేజీ ప్రకటన ఇస్తానన్నారు. ఆ డబ్బు తీసుకోవచ్చునా, కూడదా అన్నది తగాదా. ఎవరిచ్చినా డబ్బు డబ్బేనని కొందరు, అది తీసుకున్నాక ఆయన తవ్వించిన చెరువు గురించి మన సంచికలో కథ పడుతుందా అని మరికొందరు వాదించుకున్నారు. వాదన ముదిరిన తర్వాత బయటపడ్డ సంగతి ఏమంటే, అంతకుముందు జరిగిన సభల జమాఖర్చులే ఇంతవరకు ఎవరూ చదివి వినిపించలేదు! చివరికి శాఖకు ఒక నీతి నియమావళి తయారు చెయ్యాలని తీర్మానించి, అయిదుగురితో ఉపసంఘం వేసి, తెలుగు పంతుల్ని కాబట్టి రాతపని నాకు అప్పజెప్పారు.

నమూనాల కోసం రెండు మూడు సంఘాల నియమావళులు తెప్పించి చూశాను. అన్నిటా సభ్యులు నిజాయితీగా మెలగాలని ఉంది. సంస్థ గౌరవానికి భంగం కలగనీయరాదని ఉంది. ఈ వాక్యాలు లేకపోయినా నష్టం లేదు, ఉన్నా ప్రయోజనం లేదు. మంచివాళ్ళు చేరితే సంస్థ మంచిదవుతుందనే భావవాద ధోరణి వీటి వెనక ఉంది. నీతిని మనుషుల స్వభావంలో వెతికేవాళ్ళకు రసీదు పుస్తకం చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని నియమాలు స్వభావాల్లోంచి పుట్టవు. ఒక నిర్దిష్ట పరిస్థితిలో, నిర్దిష్టమైన డబ్బు చేతికందినప్పుడు, దాన్ని ఏం చెయ్యాలన్న చిక్కులోంచి పుడతాయి. అందుకు చరిత్రలో దృష్టాంతం కావాలంటే నాకు దక్షిణాఫ్రికాలోని నేటాల్ కనిపించింది. ఎందుకో చెప్పేముందు చట్టం గురించి ఒక మాట.

లాభాపేక్ష లేని సంస్థలకు మన దేశంలో తొలి ఆధారం 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం. ఆంధ్ర ప్రాంతపు సంఘాలు 2001లో రాష్ట్ర చట్టం వచ్చేదాకా దాని కిందే నమోదయ్యేవి. ఏడుగురు కలిసి సంఘం పెట్టుకోవచ్చు. ఏటా కార్యవర్గ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోరాదు. చివరి నిబంధన మంచిదే. కాని ఆ చట్టం ఏటేటా అడిగింది పేర్లనే, లెక్కలను కాదు. తెల్లదొరల ప్రభుత్వానికి సంఘంలో ఎవరెవరున్నారో తెలిస్తే చాలు. వాళ్ళు చందాదారుల డబ్బు ఏం చేశారన్న దిగులు దానికెందుకు?

అదే 1860 నవంబరు 16న, మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నేటాల్‌లోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం మీద పనిచెయ్యడానికి వచ్చిన కూలీలు అందులో ఉన్నారు. 1911లో ఈ వలస ఆగేలోగా నేటాల్ చేరిన వాళ్ళు లక్షన్నర పైచిలుకు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల వాళ్ళు వారిలో ఉన్నారు. వాళ్ళ వెనకనే సొంత ఖర్చులతో గుజరాతీ ముస్లిం వర్తకులు వెళ్ళి దుకాణాలు తెరిచారు. అక్కడి భారతీయులంటే మొదటినుంచీ రెండు వర్గాలు. ఈ విషయం మరిచిపోతే తర్వాతి కథ అర్థం కాదు.

దాదా అబ్దుల్లా అనే వర్తకుడి వ్యాజ్యం పని మీద 1893లో డర్బన్ చేరిన గాంధీ, 1894లో తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యాడు. అదే సమయంలో భారతీయుల ఓటు హక్కు తీసివేసే బిల్లు వచ్చింది. ఉండిపొమ్మని వర్తకులు బతిమాలారు. ఉంటే ఖర్చులెలా? ప్రజా కార్యక్రమానికి తాను జీతం పుచ్చుకోనని గాంధీ ఖండితంగా చెప్పాడు. దానికి బదులు ఇరవైమంది వర్తకులు తమ కోర్టు పనులు ఆయనకే ఒప్పజెబుతూ ఏడాదికి ముందుగానే ఫీజు చెల్లించారు. ఆయన వెళ్ళేటప్పుడు బహుమానంగా ఇద్దామనుకున్న డబ్బుతో దాదా అబ్దుల్లా ఇంటి సామాను కొనిపెట్టాడు.

ఈ ఏర్పాటును గాంధీ అభిమానులు త్యాగానికి నిదర్శనంగా చూపిస్తారు. నాకు అంత తేలిగ్గా తోచదు. ప్రజాసేవకు జీతం వద్దన్న మనిషి, అదే వర్తకుల నుంచి న్యాయవాదిగా సంవత్సర గ్రాసం పుచ్చుకుంటున్నాడు. జేబు మారింది గాని ఇచ్చే చెయ్యి మారలేదు గదా! అయినా తేడా ఉంది. జీతమిచ్చేవాడు పని ఆజ్ఞాపించగలడు. ఫీజు ఇచ్చేవాడు తన వ్యాజ్యం గురించి మాత్రమే అడగగలడు. ఈ విభజన ఎంతవరకు నిలిచిందో ముందుముందు చూద్దాం.

ఆ ఏడాదే నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది. గాంధీ కార్యదర్శి. నెలకు తక్కువలో తక్కువ అయిదు షిల్లింగుల చందా. దాదా అబ్దుల్లా రెండు పౌండ్లు, గాంధీ ఒక పౌండు వేసుకున్నారు. వేసుకోవడం సులువే, వసూలు కష్టం. నెలనెలా తిరగలేక సంవత్సర చందా పెట్టారు. అది మూడు పౌండ్లు, ముందుగా చెల్లించాలి. ఈ మూడు పౌండ్ల సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఆత్మకథలో ఈ భాగాన్ని మన సాహిత్య విద్యార్థులు సాధారణంగా దాటేస్తారు. రైలు పెట్టెలోంచి నెట్టివేసిన ఘట్టం మీద ఉన్న మోజు చందా పుస్తకాల మీద ఉండదు. కాని ఒక ప్రజాసంస్థ నీతి అక్షరాక్షరంగా ఎలా తయారయిందో అక్కడే కనిపిస్తుంది. చందా ఇచ్చినవాళ్ళు రసీదు అడిగేవాళ్ళు కారు. అడగకపోయినా ఇచ్చి తీరాలన్నది గాంధీ పట్టుదల. ఆనాటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉండి ఉంటాయని ముప్పై ఏళ్ళ తర్వాత ధైర్యంగా రాసుకున్నాడు. డబ్బు తక్కువగా ఉన్నంతకాలం రసీదులు, నివేదికలు అచ్చు వేయించకుండా సైక్లోస్టైలు మీదే తీశారు. అప్పు చేసి ప్రజా కార్యక్రమం నడపరాదన్నది మరో నియమం. చేతిలో ఉన్న దానికి మించి ఖర్చు లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ ముఖ్యం. సూత్రం రాసుకుని రసీదు పుస్తకం కుట్టించలేదు. రసీదులిస్తూ ఇస్తూ, లెక్క లేనిచోట సత్యం నిలవదన్న సూత్రానికి వచ్చారు.

వసూళ్ళలో జరిగిన ఒక సంఘటన మాత్రం నాకు మింగుడు పడదు. ఉత్తర తీరంలోని టోంగాట్ అనే ఊళ్ళో ఒక ఆసామి ఇంట దిగారు. ఆయన ఆరు పౌండ్లు ఇవ్వాలని వీళ్ళు, మూడుకు మించి ఇవ్వనని ఆయన. మూడుకు ఒప్పుకుంటే మిగతావాళ్ళూ అదే దారి పడతారని వీళ్ళ భయం. ఆకలితో ఉన్నా భోజనానికి లేవకుండా రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారుతుండగా ఆసామి దిగివచ్చి ఆరు పౌండ్లూ చెల్లించి, విందు కూడా పెట్టాడు. ఈ వార్త ఊళ్ళూళ్ళూ పాకి వసూళ్ళు సులువయ్యాయని గాంధీ సంతోషంగా రాశాడు. మనింటికి వచ్చిన అతిథి, అడిగినంత ఇస్తే గాని అన్నం ముట్టనంటే మన పరిస్థితి ఏమిటి? పల్లెటూళ్ళలో దాన్ని ధర్నా కూర్చోవడం అంటారు. ఇచ్చిన డబ్బుకు రసీదు ఉంది, నిజమే. ఇష్టపడి ఇచ్చాడా అన్నదానికి రసీదు ఉండదు.

దీనికి మించింది 1901 నాటి నగల ఘట్టం. గాంధీ స్వదేశానికి బయల్దేరుతుంటే అభిమానులు బంగారు గొలుసులు, గడియారాలు, వజ్రపుటుంగరాలు బహూకరించారు. కస్తూరిబాకు యాభై గినీల విలువచేసే హారం ఇచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. సేవకు ప్రతిఫలం తీసుకోరాదని ఒకవైపు తానే బోధిస్తూ, ఇవి ఇంట్లో ఎలా పెట్టుకోవడం? తెల్లవారేలోగా పార్సీ రుస్తుంజీ ప్రభృతులను ధర్మకర్తలుగా చేసి, అన్నీ సమాజానికి అప్పగిస్తూ ఉత్తరం రాసిపెట్టాడు. ఆ తర్వాతే భార్యకు చెప్పాడు! అంతకుముందు పిల్లలను తన వైపు తిప్పుకున్నాడు కూడా.

కస్తూరిబా వాదన చదవదగ్గది. రేపు కోడళ్ళు వస్తారు గదా, వాళ్ళకేం పెడతామంది. ప్రేమతో ఇచ్చినవి తిరిగి ఇవ్వడమేమిటంది. చివరికి, ఇవి నీ సేవకు ఇచ్చినవే అనుకుందాం, ఆ సేవలో రాత్రింబవళ్ళు నేను చేసిన చాకిరీ లేదా అని అడిగింది. ఇంటి చాకిరీకి విలువ కట్టే ప్రశ్న ఇది. మన కథకులు ఎన్నో దశాబ్దాల తర్వాత గాని దీన్ని ఇంత సూటిగా వెయ్యలేదు. గాంధీ దగ్గర దీనికి జవాబు లేదు. ఎలాగో ఒప్పించానని మాత్రం రాస్తాడు. రచయితగా ఆయన గొప్పతనం ఇక్కడ ఒప్పుకోవాలి. తనను ఓడించే వాదాన్ని నీరుగార్చకుండా ఉన్నదున్నట్టు రాశాడు. నగలన్నీ ధర్మకర్తృత్వ పత్రం కింద బ్యాంకులో జమ అయ్యాయి. ప్రజాసేవకుడు వ్యక్తిగత కానుకలు పుచ్చుకోరాదన్న నియమం నిజంగా అమూల్యమైనదే. ఏ సంస్థ నియమావళిలోనైనా అది మొదటి పుటలో ఉండాలి. ఐతే అది ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళను అడగకుండా తయారయిందన్న సంగతి కూడా ఆ పక్కనే రాసిపెట్టుకోవాలి.

శాశ్వత నిధుల విషయంలో గాంధీ అభిప్రాయం తలకిందులైన తీరు మరీ ఆసక్తికరం. ఏటేటా చందాలకు తిరిగే బాధ తప్పించడానికి కాంగ్రెస్ పేర ఆస్తి కొని, ధర్మకర్తలకు అప్పగించి, అద్దె మీద ఖర్చులు గడిచే ఏర్పాటు చేశారు. ఎవరైనా తెలివైన పని అనే అంటారు. తర్వాత ఏమయింది? ఆ ఆస్తి మీద తగవులు పుట్టి, అద్దె డబ్బు కోర్టులో పేరుకుపోయే స్థితి వచ్చింది. తగవులు రాకముందే తన మనసు మారిందంటాడు గాంధీ. ప్రజల చందాతో బతికే సంస్థ ఏటా ప్రజల మెప్పు పొందాలి, చందా ఆగిపోతే తాను మూతపడదగ్గదేనని తెలుసుకోవాలి, శాశ్వత నిధి ఉన్న సంస్థకు ఆ భయం ఉండదు అన్నది ఆయన వాదన సారాంశం. భవనాలు లేనిదే నడవని సంస్థలను ఆయన మినహాయించాడు. వీరేశలింగం పంతులుగారు తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసివ్వకపోతే ఆశ్రయం లేని వితంతువులకు నీడ ఎక్కడ దొరికేది? కాబట్టి దీన్ని వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. కాని మూలధనం మీద వడ్డీతో నడిచే మన సాహిత్య సంస్థలు కొన్ని, ఏళ్ళ తరబడి ఒక్క కొత్త సభ్యుణ్ణి చేర్చుకోకపోయినా నిశ్చింతగా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం.

చందా ఇచ్చేవాడు అడగగలడు గనక సంస్థ నీతిగా ఉంటుంది. ఇదీ వాదన. మరి చందా ఇవ్వలేనివాడి సంగతి?

నేటాల్ కాంగ్రెస్ పుట్టిన కొద్దికాలానికే బాలసుందరం అనే తమిళ కూలీ గాంధీ ఆఫీసుకు వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బలకు ముందరి పళ్ళు రెండు ఊడి, నోటినుంచి రక్తం కారుతోంది. తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గాంధీ పూనుకుని అతన్ని మరో యజమాని దగ్గరికి మార్పించాడు. ఈ వార్త తోటలన్నిటా పాకింది, మద్రాసు దాకా వచ్చింది. ఇది అందరికీ తెలిసిన కథే. కాని ఆ అధ్యాయం మొదట్లో గాంధీ చేసిన ఒక ఒప్పుకోలును ఎవరూ పట్టించుకోరు. ఒప్పంద కూలీలు ఇంకా కాంగ్రెస్ బయటే ఉన్నారని, చందా కట్టి చేరే తాహతు వాళ్ళకు లేదని ఆయనే రాశాడు.

లెక్క వేసి చూద్దాం. ఒప్పంద కూలీ జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదో ఏట పద్నాలుగు. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు. కొత్తగా వచ్చిన కూలీ సభ్యుడు కావాలంటే ఆరు నెలల జీతం మొత్తం ధారపొయ్యాలి. రసీదు తప్పకుండా ఇచ్చేవారే. ఆ రసీదు తీసుకునే స్థితి అతనికి లేదు.

ఇక్కడే చరిత్ర చేసిన వెక్కిరింత ఒకటుంది. ఒప్పందం ముగిసిన కూలీ తిరిగి ఒప్పందానికి పోకుండా, స్వదేశానికి పోకుండా నేటాల్‌లో ఉండదలిస్తే తలపన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మొదట ఇరవై అయిదు పౌండ్లు ప్రతిపాదించి, చివరికి ఏడాదికి మూడు పౌండ్లకు ఖాయం చేశారు. భర్తకే కాదు, భార్యకు, వయసు వచ్చిన పిల్లలకు కూడా. ఈ పన్నును కాంగ్రెస్ గట్టిగానే ఖండించింది. కాని ప్రభుత్వం కూలీ దగ్గర అన్యాయంగా అడిగిన మొత్తం ఎంతో, కాంగ్రెస్ సభ్యత్వానికి అడిగిన మొత్తం కూడా అంతే. ఇందులో కుట్ర లేదు. నియమం పెట్టినవాళ్ళు వర్తకులు, వాళ్ళ తూకంతో తూచారు. వర్గ స్వభావం చాలాసార్లు దురుద్దేశంగా కనిపించదు, మామూలు మొత్తంగా, గుండ్రటి అంకెగా కనిపిస్తుంది.

దీని ఫలితం 1913లో తేలింది. మూడు పౌండ్ల పన్ను రద్దు కోసం గాంధీ సమ్మెకు పిలుపిచ్చినప్పుడు, నేటాల్ కాంగ్రెస్ వర్తక నాయకత్వం ఎదురు తిరిగింది. తాను పుట్టించిన సంస్థలోనే గాంధీకి చోటు లేకపోయింది. ఆయన పక్షంవాళ్ళు నేటాల్ ఇండియన్ అసోసియేషన్ పేర వేరే సంస్థ పెట్టుకున్నారు. న్యూకాసిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె తీరంలోని చెరకు తోటలకు పాకింది. నవంబరులో రెండు వేల మందికి పైగా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. 1914లో పన్ను రద్దయింది. నేటాల్ కాంగ్రెస్ లెక్కల పుస్తకాల్లో ఒక్క పైసా చందా పడని మనుషులు సాధించిన విజయం ఇది. సమ్మె చేసినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. గాంధీ తెలుగు అక్షరాలు దిద్దింది వీళ్ళ కోసమే. అక్షరమాల దాటి ముందుకు సాగలేకపోయానని ఆయనే చెప్పుకున్నాడు.

ఇరవైమంది వర్తకుల గ్రాసం గురించి మొదట్లో వేసిన ప్రశ్న ఇక్కడ తేలింది. గాంధీని ఆ డబ్బు కట్టిపడెయ్యలేదు. సంస్థను మాత్రం కట్టిపడేసింది.

ఈ పాఠం గాంధీ నేర్చుకున్నాడా? 1917లో చంపారన్‌లో నీలిమందు రైతుల పని మీద ఉన్నప్పుడు, ఆ రైతుల దగ్గర ఒక్క పైసా తీసుకోరాదని నియమం పెట్టాడు. మొత్తం ఖర్చు మూడు వేల రూపాయలకు మించలేదని ఆయన జ్ఞాపకం. ఇది నా వాదనకు కొంచెం అడ్డమే. చందా ఇచ్చినవాడికే అడిగే హక్కు ఉంటే, చంపారన్ రైతు ఎవర్ని అడగాలి? కాని అక్కడ రైతులు చందాదారులుగా రాలేదు. వేల సంఖ్యలో వచ్చి వాంగ్మూలాలిచ్చారు. ప్రతి ఒక్కరి మాటా రాసుకుని, అడ్డు ప్రశ్నలు వేసి, తేలనివి కొట్టేశారు. డబ్బు లెక్కకు బదులు మాట లెక్క ఉంది. అయినా జవాబు పూర్తిగా తృప్తికరం కాదని నేనే ఒప్పుకుంటున్నాను.

అసలు మార్పు 1920లో నాగపూర్‌లో వచ్చింది. గాంధీ ప్రధానంగా తయారుచేసిన జాతీయ కాంగ్రెస్ కొత్త నిబంధనావళిలో సభ్యత్వ రుసుము ఏడాదికి నాలుగణాలు. నేటాల్ నెల చందా అయిదు షిల్లింగుల పక్కన పెట్టి చూడండి. ఆ మరుసటి ఏడు, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమై, జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు కావాలని నిర్ణయించింది. బెజవాడ సమావేశమనగానే మనం పింగళి వెంకయ్యగారి జెండా గురించి చెప్పుకుని ఊరుకుంటాం. ఈ తీర్మానంలోని రెండు కోట్ల జంట నాకు జెండా అంత ముఖ్యంగా కనిపిస్తుంది. రూపాయలు ఎన్నో, అడిగేవాళ్ళు కూడా అన్ని కావాలన్నమాట. కోటి రూపాయలు గడువులోగా సమకూరాయి. కోటిమంది సభ్యులు సమకూరలేదు. సంస్థలకు రెండో కోటి ఎప్పుడూ కష్టమే.

మా ఉపసంఘానికి నేనిచ్చిన ముసాయిదాలో నిజాయితీ అన్న మాట ఎక్కడా లేదు. అడిగినా అడగకపోయినా రసీదు ఇవ్వాలని, అప్పు చేసి సభలు జరపరాదని, కార్యవర్గ సభ్యులు సంఘం తరఫున దక్కిన కానుకలను ఇంటికి పట్టుకుపోరాదని, ప్రకటన ఇచ్చినవాళ్ళ పేర్లు, మొత్తాలు అదే సంచికలో అచ్చు వెయ్యాలని ఉంది. జమాఖర్చులు సభ్యులకే కాక, సభకు వచ్చి వెనక వరసలో కూర్చున్న శ్రోతకు కూడా చూపించాలన్న నిబంధన దగ్గర ఇద్దరు అభ్యంతరం చెప్పారు. సభ్యత్వ రుసుము పెంచాలన్న కోశాధికారి ప్రతిపాదన మీద కూడా ఇంకా ఏకాభిప్రాయం రాలేదు. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. కాంట్రాక్టరుగారి డబ్బు ప్రస్తుతం కోశాధికారి బీరువాలో విడిగా కవరులో ఉంది. రసీదు మాత్రం ఇచ్చాం.